చలిలో మొరాయించే పాత పికప్: లోపం కార్బ్యురేటర్‌దా, వేడిదా?

అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో, కెనడా మైదానాల్లో 1970లలో, 80లలో తయారైన కార్బ్యురేటర్ పికప్‌లు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. గడ్డి మోపులు తోలడానికో, కట్టెలు తేవడానికో, ముంగిట్లో పేరుకున్న మంచు తోయడానికో వాటిని అట్టేపెట్టుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. వేసవిలో ఈ బండ్లకు వంక పెట్టడానికేమీ ఉండదు. ఉష్ణోగ్రత సున్నా దాటి కిందికి దిగడం మొదలయ్యాకే చిక్కంతా వస్తుంది. సెల్ఫ్ ఎంత కొట్టినా ఇంజన్ అంటుకోదు. అంటుకున్నా రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు దూకే బదులు దగ్గుతుంది, జర్కులు కొడుతుంది. పావుగంట గడిచి ఇంజన్ బాగా కాగాక అవేవీ జరగనట్టే నడుస్తుంది. దీనికి జనం చెప్పే మందులు అనేకం: కార్బ్యురేటర్ విప్పి కిట్ వేయించమంటారు, మొత్తం కొత్తదే కొనమంటారు, కరెంటు చోక్ పెట్టమంటారు, ప్లగ్గులూ బ్యాటరీ మార్చమంటారు, ఇథనాల్ కలిసిన పెట్రోలును తిడతారు, చివరికి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారిపొమ్మంటారు. ఒక్కోదానిలో కొంత నిజముంది. కానీ అన్నిటినీ పక్కపక్కన పెట్టి తూచితే, చాలా బండ్ల విషయంలో అసలు లోపం కార్బ్యురేటర్ లోపల ఉండదని, దాని చుట్టూ ఉండాల్సిన వేడి పోవడమే లోపమని నేననుకుంటున్నాను. కార్బ్యురేటర్ తనంతట తాను చలిని జయించే యంత్రం కాదు. తయారుచేసినవాళ్లు దానికి వేడి అందించే ఏర్పాట్లు కొన్ని చేశారు. 40 ఏళ్లలో అవి ఊడిపోయాయి, తుప్పు పట్టాయి, అక్కర్లేనివని ఎవరో తీసి పారేశారు. ముందు చూడాల్సింది వాటిని.

ఎందుకో తెలియాలంటే పెట్రోలు స్వభావం కొంచెం చూడాలి. పెట్రోలు ఒకే ద్రవం కాదు, వందలాది హైడ్రోకార్బన్ల కలగలుపు. వాటిలో తేలికైనవి 35 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి, బరువైనవి 200 డిగ్రీలు దాటితే గాని ఆవిరికావు. ఇంజన్‌లో మండేది ఆవిరే తప్ప ద్రవం కాదు. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలన్నది పుస్తకాల లెక్క. చలిలో కార్బ్యురేటర్ ఆ పాళ్లలోనే కలిపినా, పెట్రోలులో చాలా భాగం ఆవిరికాక మానిఫోల్డ్ గోడలకు తడిగా అంటుకుపోతుంది. సిలిండర్‌లోకి చేరే మిశ్రమం బాగా పలచబడి, ప్లగ్గు నిప్పు రాల్చినా అంటుకోదు. దీనికి తోడు, ఆవిరయ్యే ద్రవం తన చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది; మట్టికుండ పైన తడి ఆరుతూ లోపలి నీళ్లను చల్లబరిచేది ఈ సూత్రం మీదే. సరైన పాళ్లలో కలిసిన పెట్రోలు పూర్తిగా ఆవిరైతే ఆ గాలి సుమారు 20 డిగ్రీలు చల్లబడుతుంది. ఇరుకు గొంతులో గాలి వేగం పెరిగి పీడనం తగ్గడం వల్ల వచ్చే చల్లదనం దీనికి అదనం. ఈ సంగతి కార్ల మెకానిక్కుల కంటే విమానాలు నడిపేవాళ్లకు బాగా తెలుసు. 21 డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రత, 80 శాతం దాటిన తేమ ఉంటే కార్బ్యురేటర్‌లో మంచు కట్టే అవకాశం ఎక్కువని వాళ్లకు శిక్షణలోనే నేర్పుతారు. అందుకే చిన్న విమానాల్లో కార్బ్యురేటర్‌కు వేడిగాలి మళ్లించే మీట విడిగా ఉంటుంది. పికప్‌లో అలాంటి మీట లేదు. ఆ పని దానంతటదే జరిగేలా కట్టారు. అందుకే అది ఆగిపోయినా ఎవరికీ తెలియదు.

1970లో అమెరికా క్లీన్ ఎయిర్ చట్టాన్ని కట్టుదిట్టం చేశాక పొగలో కార్బన్ మోనాక్సైడ్, మండని పెట్రోలు తగ్గించక తప్పని పరిస్థితి వచ్చింది. కంపెనీలు మిశ్రమాన్ని పలచన చేశాయి, చల్లటి ఇంజన్‌కు గాలిని అడ్డుకుని మిశ్రమాన్ని చిక్కబరిచే చోక్ త్వరగా తెరుచుకునేలా అమర్చాయి. చల్లటి గాలితో అంత పలచటి మిశ్రమం నడవదు కాబట్టి లోపలికి వెళ్లే గాలిని ముందే వెచ్చబెట్టాయి. ఎయిర్ క్లీనర్ డబ్బాకు వేడిగాలి గొట్టం, దాన్ని తెరిచి మూసే రేకు 1960ల చివర్లోనే మొదలైనా, తర్వాత దాదాపు ప్రతి బండిలోకీ వచ్చాయి ఇందుకే. 1975లో క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చినప్పుడు, బరువు రేటింగ్ 6000 పౌండ్లు దాటిన పికప్‌లకు నిబంధనలు కాస్త సడలాయి. ఫోర్డ్ ఎఫ్-150 పుట్టింది ఆ ఏడాదే, ఆ సందులోంచే. అయినా గాలిని వెచ్చబెట్టే ఏర్పాటును వాటికీ ఉంచారు, ఎందుకంటే అది పొగ తగ్గించడానికి మాత్రమే కాదు, బండి చలిలో సవ్యంగా నడవడానికి కూడా. చాలామంది ఇక్కడే పొరబడతారు. బానెట్ కింద కనిపించే గొట్టాలన్నీ ప్రభుత్వం బలవంతాన తగిలించిన గుదిబండలని, పీకేస్తే ఇంజన్ ఊపిరి పీల్చుకుంటుందని నమ్ముతారు. కొన్నిటి విషయంలో అది నిజమే కావచ్చు. వేడిగాలి గొట్టం విషయంలో మాత్రం పూర్తిగా తప్పు. గొట్టం పీకేసినవాడు కార్బ్యురేటర్ జెట్లు మార్చడు కదా. వెచ్చటి గాలిని నమ్ముకుని పలచగా కట్టిన కార్బ్యురేటర్‌కు గడ్డకట్టే గాలి అందుతుంది.

ఫోర్డ్ 300 సిక్స్ ఇంజన్‌ను దగ్గరగా చూద్దాం. 4.9 లీటర్ల ఈ ఆరు సిలిండర్ల ఇంజన్ 1965 నుంచి 1996 దాకా తయారైంది. పికప్‌లలో 1986 వరకు దానికి కార్బ్యురేటరే, ఎక్కువగా కార్టర్ వాళ్ల ఒంటి గొంతు వైఎఫ్ రకం. గాలి లోపలికి వెళ్లే మానిఫోల్డ్, పొగ బయటికి వచ్చే మానిఫోల్డ్ రెండూ ఇంజన్‌కు ఒకే పక్కన, ఒకదాని మీద ఒకటి బోల్టులతో బిగించి ఉంటాయి. కార్బ్యురేటర్‌కు సరిగ్గా కింద పొగగొట్టం వేడి పైకి తగులుతుంది. కిందికి జారిన పెట్రోలు బొట్లు ఆ వేడి అడుగు మీద పడి ఆవిరవుతాయి. పొగ మానిఫోల్డ్ చుట్టూ ఒక రేకు తొడుగు, దాన్నుంచి ఎయిర్ క్లీనర్ ముక్కులోకి చేతి మణికట్టంత లావు మడతల గొట్టం ఉంటాయి. ముక్కులోపల ఒక రేకు తలుపు. డబ్బాలోని చిన్న ఉష్ణ కవాటం గాలి చల్లగా ఉన్నంతసేపు ఇంజన్ వ్యాక్యూమ్‌ను తలుపు దాకా పోనిస్తుంది, దాంతో తలుపు లేచి బయటి గాలికి అడ్డుపడి తొడుగు మీంచి వచ్చే వేడిగాలిని రానిస్తుంది. గాలి 40 డిగ్రీల చేరువకు వచ్చాక మెల్లగా దిగుతుంది. మడతల గొట్టం కాగితం, పలచటి అల్యూమినియం రేకుతో చేసింది. కొన్నేళ్లకు చిరిగి ఊడిపోతుంది. అది ఊడిన బండ్లు, ఊడలేదని నమ్మే యజమానులు బోలెడు. కొత్త గొట్టం ఖరీదు కార్బ్యురేటర్ కిట్ ఖరీదులో చిన్న వంతు కూడా ఉండదు. దానికంటే పెద్ద నష్టం, శక్తి పెరుగుతుందని పోత ఇనుప పొగ మానిఫోల్డ్ తీసి సన్నగొట్టాల హెడర్లు తొడగడం. అలా చేస్తే కింది వేడి, తొడుగు వేడి రెండూ ఒక్కసారే పోతాయి. ఇక ఆ ఇంజన్ డిసెంబరులో దగ్గక మానదు, కార్బ్యురేటర్ ఎంత కొత్తదైనా సరే.

షెవర్లే 350 వంటి వి-8 ఇంజన్లలో ఇదే పని వేరే దారిలో జరుగుతుంది. రెండు పక్కల సిలిండర్ తలల మధ్య, మానిఫోల్డ్ కడుపులోంచి ఒక సొరంగం ఉంటుంది. ఒక పక్క పొగదారిలో హీట్ రైజర్ అనే కవాటం ఉండి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూసుకుని వేడి పొగను ఆ సొరంగం గుండా అటు పక్కకు నెడుతుంది. పోతూ పోతూ అది కార్బ్యురేటర్ అడుగును కాచి వెళుతుంది. 1975 నుంచి కొన్నిటికి ఈ కవాటాన్ని వ్యాక్యూమ్‌తో నడిపారు. పాత వాటిలో చోక్‌ను తెరిచే లోహపు చుట్ట కూడా ఆ సొరంగం మీది గుంటలోనే కూర్చుని, సన్నని కడ్డీతో పైనున్న క్వాడ్రాజెట్ కార్బ్యురేటర్ చోక్ పలకను కదుపుతుంది. అంటే వేడి అందకపోతే మిశ్రమమూ ఆవిరికాదు, చోకూ తెరుచుకోదు. కవాటం తుప్పుతో తెరుచుకునే బిగుసుకుపోవచ్చు, సొరంగం ఏళ్ల మసితో పూడిపోవచ్చు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నాలుగైదు నిమిషాలకు కార్బ్యురేటర్ కింద మానిఫోల్డ్ దగ్గర చెయ్యి పెడితే వేడి సెగ తగలాలి. తగలకపోతే కార్బ్యురేటర్ స్క్రూలు తిప్పడం వృథా. టయోటా 22ఆర్ ఇంజన్ మూడో దారి పట్టింది. మానిఫోల్డ్‌ను రేడియేటర్ నీళ్లతో వెచ్చబెట్టింది, గాలికి మాత్రం పొగ మానిఫోల్డ్ మీది గొట్టమే పెట్టింది. అక్కడ నీళ్లు తక్కువైనా, గాలి బుడగ చిక్కుకున్నా, థర్మోస్టాట్ ఎప్పుడూ తెరిచే ఉన్నా ఫలితం ఒక్కటే.

థర్మోస్టాట్ సంగతి ఇక్కడే చెప్పాలి. చాలా ఇంజన్లకు కంపెనీ పెట్టింది 91 డిగ్రీలకు తెరుచుకునేది. వేసవిలో ఇంజన్ వేడెక్కుతోందని ఎవరో 71 డిగ్రీలది వేస్తారు, లేదా మొత్తానికే తీసేస్తారు. మన ఎండల్లో బండ్లు నడిపినవాళ్లకు ఇది సహజంగానే తోస్తుంది. విజయవాడ మే నెలలో కార్బ్యురేటర్ బండికి శత్రువు వేడే. పైపుల్లో పెట్రోలు ఆవిరై వేపర్ లాక్ అయి బండి ఆగితే తడిగుడ్డ చుట్టి చల్లార్చడం మన మెకానిక్కులకు అలవాటు. మిన్నెసోటా జనవరిలో అదే అలవాటు పనికిరాదు. అక్కడ ఇంజన్ ఎంత చల్లగా ఉంటే అంత పెట్రోలు ఆవిరికాకుండా సిలిండర్ గోడల మీది ఆయిలును కడిగేసి కిందికి దిగుతుంది, ఆయిలు పలచబడి బేరింగులు అరుగుతాయి.

వేడిని వెనక్కి తేవాలన్న ఈ వాదానికి అందరికంటే గట్టిగా అడ్డుచెప్పేది రేసు బండ్ల విద్య తెలిసినవాళ్లు. చల్లటి గాలి చిక్కనైనది, అందులో ఆక్సిజన్ ఎక్కువ, కాబట్టి శక్తి ఎక్కువ. మానిఫోల్డ్ వేడి ఆ లాభాన్ని తినేస్తుంది. అందుకే మేం ఆ సొరంగాన్నే మూసేస్తాం, ముక్కులేని గుండ్రటి ఎయిర్ క్లీనర్ పెడతాం అంటారు. వాళ్ల లెక్క తప్పు కాదు. పూర్తిగా కాగిన ఇంజన్, నిండా తొక్కిన యాక్సిలరేటర్, వేసవి సాయంత్రం అయితే వాళ్లు చెప్పిందే నిజం. కానీ ఆ సందర్భంలో కంపెనీ అమరిక కూడా అడ్డం రాదు: యాక్సిలరేటర్ నిండా తొక్కితే వ్యాక్యూమ్ పడిపోయి తలుపు దిగుతుంది, బయటి గాలే లోపలికి వెళుతుంది, ఇంజన్ కాగితే హీట్ రైజర్ తెరుచుకుంటుంది. పోగొట్టుకునేది దాదాపు ఏమీ లేదు. పనిబండి తన జీవితంలో ఎక్కువ భాగం సగం తెరిచిన థ్రాటిల్ మీద, చిన్న దూరాలకు, చల్లగానో గోరువెచ్చగానో నడుస్తుంది. దానికి రేసు బండి సూత్రం వర్తింపజేయడం దాని పనిని చూడకపోవడమే. హీట్ రైజర్ మూసుకుని బిగుసుకుపోతే పొగదారి అడ్డుపడి ఇంజన్ మాడుతుంది, అందుకని తెరిచి తీగతో కట్టేయడమే క్షేమం అన్న మాటలో మరింత బలముంది. అరిజోనాలో, దక్షిణ కాలిఫోర్నియాలో అలా కట్టేసిన బండ్లు హాయిగా నడుస్తాయి. చలి ప్రాంతంలో మాత్రం మందు కట్టేయడం కాదు, కదిలించడం. చల్లటి ఇంజన్ మీద ఆ కవాటం బరువును వేలితో తిప్పితే తిరిగి తనంతట వెనక్కి రావాలి. రాకపోతే తుప్పు వదిలించే నూనె పోసి, సుత్తితో మెల్లగా తడుతూ రోజూ కొంచెం కొంచెం కదిలిస్తే చాలా వరకు వదులవుతుంది.

ఇక కార్బ్యురేటర్ పాత్ర. అది పాడవదని నేననడం లేదు. యాక్సిలరేటర్ పంపు రబ్బరు ఎండిపోయి చలికి గట్టిపడితే తొక్కిన క్షణాన పెట్రోలు చిమ్మదు, బండి ఉలిక్కిపడి ఆగుతుంది. ఫ్లోటు మట్టం తప్పితే మిశ్రమమే తప్పుతుంది. క్వాడ్రాజెట్‌లో అడుగు బిరడాలు కారి, రాత్రంతా నిలిపిన బండి బౌల్ ఖాళీ కావడం ప్రసిద్ధమైన జబ్బు. పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొడితే గాని పెట్రోలు ఎక్కదు. వ్యాక్యూమ్ రబ్బరు గొట్టాలు చలికి బిగుసుకుని పగుళ్లలోంచి గాలి పీలుస్తాయి. 300 సిక్స్‌లో రెండు మానిఫోల్డుల ఉమ్మడి గ్యాస్కెట్టు చల్లగా ఉన్నప్పుడు కారి, కాగాక లోహం వ్యాకోచించి మూసుకుపోయే సందర్భాలున్నాయి. అది అచ్చం కార్బ్యురేటర్ జబ్బులాగే కనిపిస్తుంది. అయితే ఈ లోపాల్లో ఎక్కువ భాగం ఇంజన్ కాగాక కూడా ఏదో ఒక రూపంలో బయటపడతాయి. జూలైలో నున్నగా నడిచి, జనవరిలో కూడా కాగాక నున్నగా నడిచే బండి కార్బ్యురేటర్‌ను మొదట అనుమానించడానికి కారణం కనిపించదు. ఎప్పుడు మొరాయిస్తోందన్నది ఏం చేస్తోందన్న దానికంటే ఎక్కువ చెబుతుంది. మొదటి అర నిమిషంలోనే ఆగితే చోక్, ఫాస్ట్ ఐడిల్ (చల్లగా ఉన్నప్పుడు ఇంజన్‌ను కాస్త వేగంగా తిప్పే ఏర్పాటు) చూడాలి. చోక్ ఉన్న రెండు నిమిషాలు బాగా నడిచి, అది తెరుచుకుంటుండగా తడబడితే మానిఫోల్డ్‌కు వేడి అందడం లేదు. బాగా బయలుదేరి ఐదారు కిలోమీటర్లు పోయాక శక్తి తగ్గి ఆగిపోయి, పక్కన పెట్టి పది నిమిషాలు ఉంచితే మళ్లీ మామూలుగా స్టార్ట్ అయితే అది కార్బ్యురేటర్ గొంతులో కట్టిన మంచు. ఇంజన్ వేడి పైకి పాకి ఆ మంచును కరిగించింది. ఇది మైనస్ 25 డిగ్రీల ఎండు చలిలో కంటే, సున్నాకు అటూ ఇటూ ఉండి పొగమంచు పట్టిన రోజున ఎక్కువ జరుగుతుంది. మరీ చలిలో గాలిలో తేమే ఉండదు.

చోక్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే వేడి తర్వాత చూడాల్సింది దాన్నే. ముందు అడగాల్సిన ప్రశ్న బండి నడిపేవాళ్లు యాక్సిలరేటర్ తొక్కుతున్నారా అన్నది. ఇంజెక్షన్ బండ్లతో పెరిగిన తరం తాళం తిప్పి ఊరుకుంటుంది. పాత బండిలో ఫాస్ట్ ఐడిల్ మెట్టు థ్రాటిల్ స్క్రూ కింద ఇరుక్కుని ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పెడలు ఒకసారి నిండా తొక్కి వదిలితేనే చోక్ పలక మూసుకుంటుంది. తొక్కకపోతే ఏ లోపమూ లేని బండి కూడా అంటుకోదు. పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిస్తే పెడలు నేలకు తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. అప్పుడు చిన్న మీట ఒకటి చోక్‌ను బలవంతంగా తెరుస్తుంది. ఎయిర్ క్లీనర్ మూత తీసి చూస్తే మిగతాదంతా కళ్లకే కనబడుతుంది. పెడలు తొక్కగానే పలక దాదాపు పూర్తిగా మూసుకోవాలి. ఇంజన్ అంటుకున్న మరుక్షణం ఒక చిన్న వ్యాక్యూమ్ డబ్బా దాన్ని కొన్ని మిల్లీమీటర్లు లాగి సందు ఇవ్వాలి. ఆ సందు ఎంతుండాలో సర్వీస్ పుస్తకంలో ఉంటుంది, డ్రిల్ బిట్టు మొన దూర్చి కొలుస్తారు. ఆ డబ్బా లోపలి పొర చిరిగితే బండి అంటుకుని, నల్లపొగ కక్కి, వెంటనే ఆగిపోతుంది. మూత మళ్లీ పెట్టి, చిన్న అద్దం ఎయిర్ క్లీనర్ ముక్కు ముందు పట్టి చూస్తే లోపలి తలుపు లేచి ఉండాలి. స్పానరు అవసరం లేకుండా పది నిమిషాల్లో తేలే పరీక్ష ఇది. దీన్ని చేయకుండా వందల డాలర్లు పోసి కార్బ్యురేటర్ మార్చిన సందర్భాలు తలుచుకుంటే బాధ కలుగుతుంది.

పొగ మానిఫోల్డ్ నుంచి సన్నని నాళంలో వచ్చే వేడిగాలితో తెరుచుకునే చోక్ బదులు కరెంటు చోక్ పెట్టుకుంటే సరిపోతుంది కదా అన్నది తరచు వినబడే మాట. నమ్మకంగా పనిచేసే వస్తువే అది, తుప్పు పట్టిన వేడిగాలి నాళంతో కుస్తీ తప్పుతుంది. ఆ నాళం చిల్లుపడితే చల్లటి గాలి పీల్చి చోక్ మూసుకునే ఉండిపోతుంది, ఆ బాధ నిజమైనదే. కానీ కరెంటు చోక్‌లో ఒక చిక్కు ఉంది. అందులోని చుట్ట ఇంజన్ వేడిని చూసి తెరుచుకోదు, కరెంటు ఇచ్చినప్పటి నుంచి గడిచిన సమయాన్ని బట్టి తెరుచుకుంటుంది. మైనస్ 15 డిగ్రీల్లో రెండు మూడు నిమిషాలకు చోక్ తెరుచుకునేసరికి ఇనుప మానిఫోల్డ్ ఇంకా మంచుముద్దలా ఉంటుంది. చోక్ పోయాక వచ్చే తడబాటును చోక్ బిగించి తగ్గించాలని చూస్తే మొదటి నిమిషాల్లో పెట్రోలు పొంగుతుంది. మానిఫోల్డ్‌కు సరైన వేడి ఉంటే ఆ రెండు మూడు నిమిషాలే సరిపోతాయి. తీగ ఎక్కడ కలపాలన్నదీ ముఖ్యమే. ఫోర్డ్ తన కరెంటు చోక్‌కు ఆల్టర్నేటర్‌లోని స్టేటర్ కొన నుంచి సుమారు 7 వోల్టులే ఇచ్చింది. 12 వోల్టులు కావాల్సిన కొత్త కార్బ్యురేటర్ చోక్‌ను అదే తీగకు తగిలిస్తే అది ఎప్పటికో గాని తెరుచుకోదు. ఇగ్నిషన్ కాయిల్‌కు కలిపితే నిప్పురవ్వ బలం తగ్గుతుంది.

బ్యాటరీ, ఇగ్నిషన్ వాదులు చెప్పేది ఒప్పుకోవాల్సిందే, కాకపోతే అది వేరే సమస్య. మైనస్ 18 డిగ్రీల్లో బ్యాటరీ తన శక్తిలో సగానికి అటూ ఇటుగా మాత్రమే ఇవ్వగలదు. అదే సమయంలో చిక్కబడ్డ ఆయిలును కోసుకుంటూ ఇంజన్ తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. బ్యాటరీల మీద రాసే చలి ఆంపియర్ల సంఖ్య ఆ మైనస్ 18 డిగ్రీల దగ్గర 30 సెకన్లు ఎంత కరెంటు ఇస్తుందో కొలిచి రాసిందే. వేసవికని పోసిన 20డబ్ల్యూ-50 ఆయిలు తీసి, కంపెనీ పుస్తకం చలికి చెప్పిన 5డబ్ల్యూ లేదా 10డబ్ల్యూ రకం పోయాలి. సెల్ఫ్ మెల్లగా తిరుగుతుంటే ఇవి చూడాలి; చురుగ్గా తిరిగీ అంటుకోకపోతే ఇవి కాదు. ఒక్క ఆనవాలు మాత్రం గుర్తుంచుకోదగ్గది: సెల్ఫ్ కొట్టినంతసేపు అంటుకోక, తాళం వదిలిన క్షణంలో అంటుకుంటే, స్టార్ట్ చేసేటప్పుడు కాయిల్‌కు నిండు వోల్టేజీ ఇచ్చే తీగ తెగిందని అర్థం. వేసవిలో రెసిస్టర్ గుండా వచ్చే తక్కువ కరెంటుతోనే నెట్టుకొస్తుంది, చలిలో ఆ లోటు దాగదు.

పెట్రోలు మీద నింద కొంతవరకు న్యాయమైనది. అమెరికాలో ఇప్పుడు అమ్మే పెట్రోలు దాదాపు అంతా 10 శాతం ఇథనాల్ కలిసినదే. కిలో ఇథనాల్ ఆవిరికావడానికి పెట్రోలుకు కావాల్సిన వేడికి రెండింతల పైన కావాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండటం వల్ల అవే జెట్లతో మిశ్రమం మూడు నాలుగు శాతం పలచబడుతుంది కూడా. అంటే 1978లో కట్టిన కార్బ్యురేటర్‌కు అప్పటికంటే ఇప్పుడు వేడి ఇంకా ఎక్కువ అవసరం. ఇథనాల్ మీద కోపం వేడి వాదాన్ని బలపరుస్తుందే గాని కొట్టివేయదు. మన దేశంలో 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక పాత కార్బ్యురేటర్ బండ్ల గురించి జరుగుతున్న చర్చలోనూ ఈ భౌతికశాస్త్రమే ఉంది. లంబసింగి తెల్లవారుజామున పాత బైకు చోక్ ఎక్కువసేపు అడిగితే కారణం ఇదే కావచ్చు. జనం అంతగా పట్టించుకోని సంగతి మరొకటుంది. శీతాకాలానికి రిఫైనరీలు త్వరగా ఆవిరయ్యే పెట్రోలు పంపుతాయి. ఉత్తర రాష్ట్రాల్లో చలికాలపు పెట్రోలు ఆవిరి పీడనం 15 పీఎస్ఐ దాకా ఉండొచ్చు, వేసవిది 10 దాటదు. ఆగస్టులో ట్యాంకు నింపి, అప్పుడప్పుడు మాత్రమే నడిపే పికప్‌లో జనవరికి మిగిలింది ఆ వేసవి పెట్రోలే. అందులోని తేలిక భాగమూ చాలావరకు ఎగిరిపోయి ఉంటుంది. దానికి మందు సీసాలో దొరికే రసాయనం కాదు, కొత్త పెట్రోలు.

ఇంత తంటా ఎందుకు, ఇంజెక్షన్ పెట్టేస్తే పోలేదా అనేవాళ్లకు చరిత్రలో ఒక జవాబుంది. ఫోర్డ్ 300 సిక్స్‌కు, షెవర్లే పికప్‌లకు 1987లో ఇంజెక్షన్ వచ్చింది. షెవర్లే పెట్టింది కార్బ్యురేటర్ స్థానంలోనే కూర్చుని థ్రాటిల్ మీద పెట్రోలు చిమ్మే రకం. దాని పైన ఎయిర్ క్లీనర్‌కు వేడిగాలి గొట్టమూ, లోపలి తలుపూ అలాగే ఉంచారు. పెట్రోలును కంప్యూటరు కొలిచినా, అది పొడవాటి చల్లటి మానిఫోల్డ్ గుండానే ప్రయాణించాలి కనుక వేడి అక్కర తీరలేదని కంపెనీకి తెలుసు. ఈనాడు పాత బండ్లకు అమ్మే ఇంజెక్షన్ సామగ్రిలో ఎక్కువ భాగం ఈ రకమే. చల్లటి ఇంజన్‌కు ఎంత పెట్రోలు కావాలో అవి కార్బ్యురేటర్ కంటే బాగా లెక్క కడతాయి, ఎత్తైన కొండ ప్రాంతాలకు ఎక్కినా దిగినా సర్దుకుంటాయి. డబ్బు, ఓపిక ఉన్నవాళ్లు పెట్టుకోవడంలో తప్పులేదు. హెడర్లు తొడిగి, గొట్టం పీకేసిన ఇంజన్ మీద పెడితే మాత్రం పాత తడబాటు కొంత కొత్త యంత్రంలోనూ మిగులుతుంది, దాని వెనక పాత ఖర్చుకు పదింతలు పోసి ఉంటారు.

మైనస్ 25, 30 డిగ్రీలకు దిగే నార్త్ డకోటా, అలాస్కా, మానిటోబా వంటి చోట్ల బండిలోని ఏర్పాట్లు ఒక్కటే చాలవు. గ్రాండ్ ఫోర్క్స్ పట్టణానికి చెందిన ఆండ్రూ ఫ్రీమన్ ఇంజన్ తల బోల్టు స్థానంలో బిగించే కరెంటు హీటరుకు 1949లో పేటెంటు పొందాడు. ఇంజన్‌లోని నీళ్లను కాచే బ్లాక్ హీటర్లు తర్వాత ఆ ప్రాంతమంతా మామూలయ్యాయి, పార్కింగ్ స్థలాల్లో బండికో ప్లగ్ పాయింటు కనబడుతుంది. పికప్ ఇంజన్లకు వేసేవి చాలావరకు 400 నుంచి 1000 వాట్ల మధ్య ఉంటాయి. రాత్రంతా కాల్చనక్కర్లేదు, బయలుదేరడానికి రెండు మూడు గంటల ముందు టైమరు మీద వెలిగితే సరిపోతుంది. మూసిన షెడ్డులో ఇంజన్ నడిపి వెచ్చబెట్టడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు, ఎందుకంటే చోక్ మీదున్న ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ మామూలు కంటే చాలా ఎక్కువ, తలుపు సందు తెరిచినంత మాత్రాన అది పోదు. బ్లాక్ హీటర్ ఉంది కాబట్టి మిగతావి అక్కర్లేదనుకోవడం కూడా సరికాదు. అది సెల్ఫ్ తేలిగ్గా తిరగడానికి, ఇంజన్ త్వరగా అంటుకోవడానికి పనికొస్తుంది. రోడ్డెక్కాక కార్బ్యురేటర్ గొంతులోకి వచ్చే గాలిని అది వెచ్చబెట్టలేదు. రెండు గంటలు హీటరు పెట్టి బయలుదేరిన బండి కూడా, పొగమంచు రోజున వేడిగాలి గొట్టం ఊడి ఉంటే, ఐదారు కిలోమీటర్ల తర్వాత రోడ్డు పక్కన ఆగి మంచు కరిగేదాకా కూర్చోవాల్సిందే.